మొప్పల్లో బూడిద

మాది భీమవరం, మావారిది కడప. ఉద్యోగాల కోసం నల్లగండ్లలో కాపురం పెట్టాం. నిరుడు ఆయన గాలం కొని, ప్రతి ఆదివారం పొద్దున్నే చెరువుకు వెళ్లి కొర్రమీను తెచ్చేవారు. "నేనే పట్టా" అనేవారు. చేప ముల్లు తీసుకోవడం కూడా రాని మనిషి! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకరోజు చేప కడుగుతుంటే మొప్పల్లో బూడిద కనిపించింది. చేయి జారకుండా అలా బూడిద రాసేది చేపలమ్మేవాళ్లే. అంటే కొనుక్కొచ్చి గొప్పలు పోతున్నారన్నమాట!

మరుసటి ఆదివారం చాటుగా వెనకే వెళ్లాను. కట్ట మీద ఆయన, పక్కనే చేపల గంపతో ఒకామె.

"ఇన్నాళ్లూ ఈవిడ దగ్గర కొంటున్నారా?" అని అందరి ముందూ అరిచేశాను.

ఆమె నవ్వింది. "కొనుడేంది తల్లీ! సారే పడ్తడు. చేతుల ఆగక జారిపోతదని జర బూడిద రాసి సంచిల ఏసేది నేను."

అంతలో గాలానికి చేప తగిలింది. నా తప్పు కప్పిపుచ్చుకోవాలని, "ఇటివ్వండి, మాది భీమవరం" అంటూ అందుకున్నాను. అది నా ముఖాన బురద చిమ్మి, చేతుల్లోంచి జారి చెరువులో పడింది. ఆమె బూడిద డబ్బా నా వైపు జరిపింది.

ఇప్పుడు ఆదివారాలు ఆయన గాలం పట్టుకుంటారు, నేను బూడిద డబ్బా పట్టుకుంటాను. ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే మాత్రం కడప అంటాను.