రీమ్ కాలు విరిగాక

ఆసిఫా పుట్టిందీ పెరిగిందీ సౌదీలోని అల్ ఖర్జ్‌లో, ఒక పెద్ద పాల ఫారం వెనకాల ఉన్న సిబ్బంది క్వార్టర్లలో. తండ్రి మస్తాన్ వలీది రాయచోటి. పాలు చల్లబరిచే యంత్రాలకు మెకానిక్‌గా వచ్చిన ఆయనకు ఆ ఫారంలోనే జుట్టు నెరిసింది. తల్లి మదార్బీ ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టేది.

క్వార్టర్ల పక్కన పాల ట్యాంకర్లు నిలిపే ఖాళీ జాగా ఉండేది. సాయంత్రమైతే సూడాన్ వాళ్ల పిల్లలు, మలయాళీ పిల్లలు అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ఆసిఫా కూడా వెళ్లేది. ఆడపిల్లకు బంతి ఎవరిస్తారు? వెనక నిలబడమనేవాళ్లు. వెనక నిలబడి చూసీ చూసీ ఆమెకు ఒక సంగతి పట్టుబడింది. బంతితో దూసుకొచ్చేవాడు కళ్లతో ఒకవైపు చూపించి మరోవైపు పోతాడు గానీ, నడుము మాత్రం దాచలేడు. నడుము ఎటు తిరిగితే అటే పోతాడు. అటు కాలు అడ్డం పెడితే చాలు. కొన్నాళ్లకు పిల్లలు జట్లు పంచుకునేటప్పుడు ఆసిఫా మాకంటే మాకని కొట్లాడుకోవడం మొదలుపెట్టారు.

చదువయ్యాక ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో కేజీ పిల్లలకు టీచరుగా చేరింది. ఆ ఏడే ఊళ్లోని చిన్న క్లబ్బు ఆడపిల్లల జట్టు పెట్టింది. కింది డివిజన్ జట్టు. టీవీల్లో రాదు, పేపర్లలో పేరు పడదు. సౌదీ అమ్మాయిలతో పాటు ఇక్కడే పుట్టిన పరాయి దేశాల పిల్లలను కూడా కొందరిని తీసుకుంటామన్నారు. మస్తాన్ వలీ వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగి, చివరికి ఒప్పుకున్నాడు.

కోచ్ పేరు జోడీ. ఇంగ్లండ్ ఆవిడ. అక్కడి కింది లీగుల్లో పదిహేనేళ్లు డిఫెండర్‌గా ఆడింది. పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని, సాయంత్రం వానలో, బురదలో ప్రాక్టీసు. పై డివిజన్‌కు ఎన్నడూ ఎక్కలేదు. కనుబొమ్మ మీద ఆమెకు పాత కుట్ల గుర్తు ఉండేది. మొదటిరోజే ఆసిఫా ఆట చూసి, "నీ ఆటతీరు ఎవరూ మార్చకుండా చూస్తాను," అంది. రెండో సీజన్‌కల్లా ఆసిఫా జట్టులో వెనక వరసకు నాయకురాలయింది.

ఆ సీజన్ మధ్యలో దూరంగా ఉత్తరాన ఉన్న తబూక్ ఊరి జట్టు ఖర్జ్‌కు వచ్చింది.

తబూక్ వాళ్ల ఫార్వర్డ్ రీమ్ అనే అమ్మాయి. సన్నగా, పొడుగ్గా, గాలిలా పరిగెత్తేది. సెకండ్ హాఫ్‌లో ఆమె మైదానం మధ్యలో బంతి అందుకుని ఒంటరిగా దూసుకొచ్చింది. ఆసిఫా ఎదురెళ్లింది. రీమ్ నడుము కుడివైపు తిరిగింది. ఆసిఫా పచ్చికమీద జారుతూ కాలు చాచింది. బంతి తగిలింది, పక్కకు పోయింది. అప్పటికే గాలిలో లేచి ఉన్న రీమ్ పాదం వచ్చి ఆసిఫా కాలికీ నేలకీ మధ్య ఇరుక్కుంది. పైన ఆమె ఒంటి బరువంతా పడింది.

ఎండుకొమ్మ విరిచినట్టు శబ్దం అయింది.

రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. ఆట ఆపడానికి మాత్రం విజిల్ వేసి, చేతులు ఊపుతూ డాక్టర్‌ను పిలిచింది. రీమ్ మొదట అరవలేదు. కింద తన కాలు వంగకూడని చోట వంగి ఉండటం చూసుకున్నాక అరిచింది. ఆసిఫా ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకోబోతే, తబూక్ అమ్మాయి ఒకతి భుజం పట్టి వెనక్కి నెట్టింది.

రీమ్‌ను ఊళ్లోని ఆస్పత్రికి తీసుకుపోయి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మర్నాటికల్లా ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. అందులో బంతి కనిపించదు. చాచిన కాలు, విరిగిన కాలు, అంతే. కింద రకరకాల రాతలు. ఈ పరాయిదాన్ని ఎవరు ఆడనిచ్చారు అని ఒకరు. కేసు పెట్టాలి అని ఇంకొకరు.

ఫారంలో మేనేజరు మస్తాన్ వలీని ఆపి, "ఆ వీడియోలో ఉన్నది మీ అమ్మాయేనా?" అని అడిగాడు. అంతకుమించి ఏమీ అనలేదు. కానీ మస్తాన్ వలీకి ఆ మాటే చాలు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"ఆట వద్దు, గీట వద్దు. రేప్పొద్దున పోలీసోల్లు వచ్చి తలుపు కొడితే ఏం జేస్తాం? ఈడ ఉండే ఇఖామా కాయితం క్యాన్సిల్ జేసి విమానం ఎక్కిస్తే ఎవరికి చెప్పుకుంటాం? మనం ఈ దేశంలో ఉండేది వాల్లు ఉండమంటేనే గదా!"

"నేను బంతినే తన్నినా నాయనా," అంది ఆసిఫా.

"నువ్వు దేన్ని తన్నితే ఏంది మా? ఇరిగింది వాల్ల బిడ్డ కాలు."

మదార్బీ మిషన్ ఆపి లేచింది. "ఆస్పత్రికి పోదాం పాండి. ఆ పిల్లను చూసొద్దాం."

"నీకేమన్నా పిచ్చా మే? పోతే తప్పు ఒప్పుకున్నట్టు గాదా?"

"ఆడపిల్ల కాలిరిగి పండుకోనుంది. మనూర్లో అయితే పోకుండా ఉంటామా? అట్లే ఈడ గూడా. నువ్వు రాకపోతే నేనూ నా కూతురూ పోతాం."

ఆయన రాకుండా ఉండలేకపోయాడు. అరబ్బీ ఆ ఇంట్లో అందరికంటే బాగా వచ్చేది ఆసిఫాకే గానీ, మాట తేడా వస్తే పెద్దమనిషి ఒకడు పక్కనుండాలని ఆయన భయం. దారిపొడవునా ఎక్కడ పోలీసు బండి కనిపించినా కారు నెమ్మది చేశాడు.

వార్డు తలుపు దగ్గర రీమ్ అన్న సల్మాన్ నిలబడి ఉన్నాడు. ఆసిఫా ముఖం చూడగానే గుర్తుపట్టాడు. చెయ్యి తలుపుకు అడ్డం పెట్టి, "మీరెందుకొచ్చారు?" అన్నాడు.

మస్తాన్ వలీ సలాం చేశాడు. "మా పాప... చూడటానికి..." అని ఆగిపోయాడు. కారిడార్‌లో పోతున్న నర్సు ఒకామె ఆగి చూసింది. సల్మాన్ ఒక అడుగు ముందుకు వేశాడు. మస్తాన్ వలీ తనకు తెలియకుండానే కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

లోపలినుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "ఎవరు?"

"రీమ్ కాలు విరగ్గొట్టినవాళ్లు," అన్నాడు సల్మాన్.

తర్వాత ఆ పెద్దావిడే, రీమ్ తల్లి, ఆడవాళ్లను లోపలికి రానివ్వమంది. మస్తాన్ వలీ, సల్మాన్ తలుపు బయటే ఎదురెదురుగా నిలబడ్డారు.

రీమ్ కాలు ఎత్తుమీద పెట్టి ఉంది. మోకాలి కిందినుంచి కట్టు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. మదార్బీ మంచం దగ్గరికి పోయి, తనకు వచ్చిన కాస్త అరబ్బీలో "సలామత్, బిడ్డా, సలామత్," అని నయం కావాలని కోరుతూ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. రీమ్ ఆ చెయ్యి తీసెయ్యలేదు. చూపు మాత్రం ఆసిఫా మీదే ఉంది.

"బంతి తగిలిందా నీకు?" అని అడిగింది. "అందరూ తలో రకంగా చెబుతున్నారు. నాకు గుర్తు లేదు. నువ్వు చెప్పు."

"తగిలింది. ముందు బంతే తగిలింది."

రీమ్ తల ఊపింది. అక్కడితో ఆగిపోవచ్చు. తలుపు సగం తెరిచే ఉంది. తండ్రి వింటున్నాడని ఆసిఫాకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"కానీ నువ్వు గాలిలో ఉన్నావని నాకు కనబడింది. కాలు వెనక్కి తీసుకునే వీలు ఉండిందేమో. నేను తీసుకోలేదు."

సల్మాన్ తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు. "విన్నావా అమ్మా? తన నోటితోనే ఒప్పుకుంటోంది!"

తలుపు బయట మస్తాన్ వలీ గోడ పట్టుకున్నాడు.

"నువ్వు బయటికి వెళ్లు సల్మాన్," అంది రీమ్. గొంతు పెద్దది చేయలేదు. అన్న కదల్లేదు. తల్లి అతని మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. అప్పుడు రీమ్ ఆసిఫాతో అంది: "మనిద్దరిలో ఎవరమైనా అలాగే కాలు పెట్టేవాళ్లమే అనుకుంటాను. కానీ మళ్లీ రావొద్దు. నిన్ను చూస్తుంటే ఆ శబ్దం వినిపిస్తోంది."

కారు క్వార్టర్ల గేటు దగ్గరికొచ్చాక మస్తాన్ వలీ, "ఆ మాట ఎందుకు చెప్పినావు మా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

"అడిగింది గదా నాయనా."

ఆ తర్వాత చాలా వారాలు ఆ ఇంట్లో తలుపు చప్పుడైతే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. పోలీసులు రాలేదు. కేసు పెట్టారో, పెట్టబోయి మానుకున్నారో వాళ్లకు ఎన్నడూ తెలియలేదు. వీడియోను జనం మెల్లగా మరిచిపోయారు.

ఆసిఫా మరవలేదు. మైదానంలో దిగితే నడుము ఎటు తిరుగుతుందో ఇప్పటికీ కనబడేది. కాలు మాత్రం ముందుకు పోయేది కాదు. చివరి క్షణంలో పక్కకు తప్పుకునేది. ఎదుటివాళ్లు అది కనిపెట్టి, పనిగట్టుకుని ఆమె వైపునుంచే వచ్చేవాళ్లు. గోల్ కీపర్ తమన్నా హైదరాబాద్ పిల్ల. ఒకరోజు గోలు పడ్డాక గ్లవ్స్ నేలకేసి కొట్టింది. "అరె ఆసిఫా, ఏందిది? నువ్వు దారి ఇస్తున్నవ్ వాళ్లకు! నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె?"

జోడీ ఆసిఫాను ఆటలోంచి తప్పించి బెంచి మీద కూర్చోబెట్టింది. ఓదార్చలేదు. "నేను కూడా ఒకప్పుడు ఒకమ్మాయి మోకాలు విరగ్గొట్టాను. ఆమె మళ్లీ ఆడలేదు," అని మాత్రం చెప్పింది. "ఏం చేశావు?" అని ఆసిఫా అడిగితే, "ఆడాను. వేరే దారి నాకు తెలియలేదు. నీకు తెలిస్తే మానెయ్," అంది.

మరుసటి సీజన్ ఆఖరి మ్యాచ్ తబూక్‌లో పడింది. ఖర్జ్ జట్టు గెలిస్తే డివిజన్‌లో నిలుస్తుంది. లేకపోతే ఇంకా కిందికి పోతుంది. మామూలుగా ఆడే డిఫెండర్‌కు జ్వరం రావడంతో ఆసిఫా పేరు మొదటి పదకొండు మందిలో పడింది. రీమ్ కోలుకుందనీ, ఆ రోజు ఆడవచ్చనీ ముందే తెలిసింది.

ఎయిర్‌పోర్టు దగ్గర దింపుతూ మస్తాన్ వలీ కూతురి బ్యాగు చేతిలోనే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఆ పిల్ల ఎదురొస్తే తప్పుకో మా. గోలు పోతే పోనీ. నీ కాల్లు మొక్కుతా."

"అట్లనొద్దు నాయనా," అంది ఆసిఫా. తప్పుకుంటానని మాత్రం అనలేదు.

తబూక్‌లో చలి. ఊపిరి పొగలా కనబడుతోంది. ఫస్ట్ హాఫ్‌లోనే ఖర్జ్‌కు ఒక గోలు దొరికింది. అక్కణ్ణుంచి జట్టంతా వెనక్కొచ్చి కాచుకోవడమే పని. ఆసిఫా తలతో కొట్టింది, భుజంతో అడ్డుకుంది, ఛాతీతో ఆపింది. కాలు చాచి జారాల్సిన పని మాత్రం పడలేదు. ఆట ముగిసే ముందు తబూక్ వాళ్లు రీమ్‌ను దింపారు. స్టాండ్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె కుడికాలి మేజోడు కింద పట్టీ కట్టి ఉంది. పరుగు పాతంత వేగంగా లేదు. ఒకసారి ఇద్దరి చూపులూ కలిశాయి. రీమ్ నవ్వలేదు.

ఆఖరి నిమిషాల్లో బంతి రీమ్‌కు అందింది. ముందర ఆసిఫా తప్ప ఎవరూ లేరు. పెనాల్టీ బాక్సు అంచు. వెనకనుంచి తమన్నా ఏదో అరుస్తోంది. రీమ్ చూపు ఎడమకు పోయింది, నడుము కుడికి తిరిగింది. అదే వైపు. తప్పుకుంటే బతుకుతాం అనిపించింది. అనిపిస్తుండగానే ఒళ్లు పచ్చికమీద జారి, కాలు ముందుకు చాచుకుంది.

బంతి కాలికి గట్టిగా తగిలి లైను దాటి బయటికి పోయింది. రీమ్ ఆమె మీదుగా ఎగిరి బోర్లా పడింది.

ఆసిఫా పడుకున్న చోటునుంచి లేవలేదు. శబ్దం కోసం చెవులు రిక్కించింది. ఏ శబ్దమూ లేదు. రీమ్ మోచేతుల మీద లేచింది, మోకాలు ముడిచింది, నిలబడింది. రిఫరీ కార్నర్ చూపించింది.

రీమ్ మెల్లగా నడుస్తూ బాక్సులోకి వచ్చింది. ఆసిఫా కళ్లు ఆ కాలు మీదే ఉన్నాయి. కుంటుతోందా? లేదు. నొప్పి ఉందా? పాదం నేలకు సరిగానే ఆనుతోందా? అలా చూస్తుండగా కార్నర్ తన్నేశారు. ఆసిఫా కాచుకోవలసిన మనిషి, తబూక్ వాళ్ల పొడుగాటి పిల్ల, ఆమె వెనకనుంచి ఒంటరిగా పైకి లేచింది. తలతో కొట్టింది. తమన్నా దూకింది, అందలేదు.

ఒకటీ ఒకటీ. అంతే, ఆట ముగిసింది. ఖర్జ్ జట్టు కిందికి పోయింది.

జోడీ ఎవరినీ తిట్టలేదు. ఆసిఫా దగ్గరకొచ్చి, "నీ మనిషిని వదిలేశావు," అని మాత్రం అని, నీళ్ల సీసా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆసిఫా గోల్‌పోస్టు పక్కన కూర్చుని ఏడ్చింది. ఓటమికో, రీమ్ నిలబడినందుకో ఆమెకే తెలియలేదు.

రీమ్ వచ్చి ఎదురుగా నిలబడింది. "నా కాలు చూస్తూ ఉండిపోయావు కదా?"

ఆసిఫా తల ఊపింది.

"పిచ్చిదానా! మాకు పాయింటు ఇచ్చేశావు." అని చెయ్యి అందించి పైకి లేపింది. "ఇంక చూడకు. బాగానే ఉంది."

బస్సెక్కగానే ఆసిఫా ఇంటికి ఫోన్ చేసింది. మస్తాన్ వలీ మొదటి మోతకే ఎత్తాడు.

"ఆ పిల్లకు ఏం గాలేదు గదా?"

"ఏం గాలేదు నాయనా. మేం ఓడిపోయినట్టే. కిందికి పోయినాం."

ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "అల్లా దయ," అన్నాడు. తర్వాత, కాస్త ఆగి, "కింద లీగు మ్యాచ్‌లు యాడాడ పెడతారంట?" అని అడిగాడు.

జోడీ ఒప్పందం ఆ వేసవికే అయిపోయింది. ఇంగ్లండ్ వెళ్లిపోయింది. రీమ్‌ను రియాద్‌లోని పై డివిజన్ జట్టు ఒకటి తీసుకుంది. ఆసిఫా ఖర్జ్‌లోనే ఉంది. పొద్దున కేజీ పిల్లలు, సాయంత్రం ప్రాక్టీసు. జట్టు ఇంకా పైకి ఎక్కలేదు. ఈ సీజన్ ఆమెకు కెప్టెన్ పట్టీ ఇచ్చారు. మొదటి మ్యాచ్‌లోనే కాలు చాచి జారినందుకు ఎల్లో కార్డు తిన్నది. స్టాండ్‌లోంచి మదార్బీ లేచి, అది ఫౌల్ ఎట్లవుతుందో చెప్పమని రిఫరీని తెలుగులో నిలదీసింది.