బొందు కింద దాగిన జ్వరం

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో, నన్ను తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. బోర్డు మీద ఆ పేరు చూసి కంతులు కోయించుకోవడానికి వచ్చినవాళ్ళున్నారు. నేను కత్తి పట్టిన డాక్టర్ని కాను. నాది జనరల్ మెడిసిన్, అంటే జ్వరాలు, షుగర్లు, ఆయాసాలు చూసే పని. సర్కారు కొలువులో మాత్రలు రాసే డాక్టరు కూడా సర్జనే. పేర్ల మీద నాకున్న చిరాకు అక్కడే మొదలై ఉంటుంది.

ఆ ప్రాంతంలో జ్వరానికి ఒక దారి ఏర్పడిపోయి ఉంది. ముందు ఊళ్ళో ఆరెంపీ రెండు సూదులు వేస్తాడు. తగ్గకపోతే ల్యాబుకి పంపిస్తాడు. ల్యాబులో వైడాల్ అనే రక్తపరీక్ష చేస్తారు. పలక మీద రోగి రక్తం నుంచి తీసిన సీరం చుక్క, దాని మీద కిట్టులో వచ్చిన మందు చుక్క వేసి కలుపుతారు. విరిగిన పాలలా పలుకులు కడితే కాగితం మీద టైఫాయిడ్ పాజిటివ్ అని వేస్తారు. ఆ పలుకులు ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కీ కట్టవచ్చు, దానితో సంబంధం లేని మరో జ్వరానికీ కట్టవచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ని నమ్మకూడదని మెడికల్ కాలేజీలో పాఠం చెబుతారు, పరీక్షలో రాయిస్తారు, మార్కులు కూడా వేస్తారు. ప్రాక్టీసు పెట్టిన మర్నాటి నుంచి ఎవరికీ గుర్తుండదు. జనం కూడా ఆ కాగితానికి అలవాటుపడ్డారు. "టైఫాయిడ్ లేదమ్మా" అని చెబితే, ఈవిడకేం తెలియదన్నట్టు చూసి పక్క డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు.

నా ఒళ్ళు మండించిన సంగతి మరొకటుంది. అక్కడి వానల తర్వాతి జ్వరాల్లో కొన్ని టైఫాయిడ్ కావు, స్క్రబ్ టైఫస్. పేర్లు వింటే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. టైఫస్ అనేది పాత గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆ మాటకు పొగ, మసక అని అర్థం. జ్వరం ముదిరినప్పుడు రోగి తెలివి పొగ కమ్మినట్టు మసకబారుతుంది కనుక ఆ పేరు. ఆ మసక మరో జ్వరంలోనూ కనిపించేది. పూర్వపు డాక్టర్లు చాలాకాలం రెండింటినీ ఒకే గాటన కట్టారు. తర్వాత పేగుల్లో పుండ్లు చేసే జ్వరం వేరని తేలింది. తేలినప్పుడైనా దానికి వేరే పేరు పెట్టారా? లేదు. టైఫస్ లాంటిది అని టైఫాయిడ్ అన్నారు. ఆయిడ్ అనే తోకకు లాంటిది అని అర్థం. మెడలో ఉండే థైరాయిడ్‌కి ఉన్నదీ అదే తోక, డాలు లాంటిది అని. "నాకు చిన్నప్పుడు థైరాయిడ్ జ్వరం వచ్చిందండి" అని రోగులు చెబితే నేను నవ్వలేదు. పెట్టినవాళ్ళను అనాలి గానీ పలికేవాళ్ళను అనడమెందుకు?

పేర్లు ఎంత దగ్గరో రోగాలు అంత దూరం. టైఫాయిడ్ కలుషితమైన నీళ్ళతో, తిండితో వస్తుంది. స్క్రబ్ అంటే తుప్ప. తుప్పల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల, మంచాల్లో నల్లి కాదు, కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. టైఫాయిడ్‌కి ఎక్కించే ఖరీదైన ఇంజెక్షన్లు దీన్ని తాకను కూడా తాకవు. డాక్సీసైక్లిన్ అనే పాతకాలపు గొట్టం బిళ్ళ, అదే క్యాప్సూల్, సకాలంలో పడితే చాలు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి దక్కదు.

వినగడప నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి అప్పటికే ఆ అంచుకు చేరింది. నలభై దాటిన మనిషి. నాలుగెకరాల పత్తి, రెండు గేదెలు ఉన్న ఇల్లు. దగ్గరి పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో వారంగా టైఫాయిడ్ వైద్యం జరుగుతోంది. దాని పేరూ ఊరి పేరూ చెప్పను. జ్వరం తగ్గకపోగా ఆయాసం మొదలవడంతో విజయవాడ తీసుకుపొమ్మన్నారట. దారిలో ఊపిరి అందక పెనుగులాడుతుంటే భర్త సాంబశివరావు కారు మా ఆసుపత్రి వైపు తిప్పించాడు. అతను నన్ను వైద్యం అడగలేదు. కాసేపు ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు ఇప్పించమన్నాడు, అంతే.

ఆక్సిజన్ పెట్టించి ఆమెను పలకరించాను. కళ్ళు తెరిచింది, పేరు చెప్పింది, మళ్ళీ మగతలోకి జారిపోయింది. గ్రీకులు చెప్పిన పొగ ఎదురుగా కనిపిస్తోంది. నర్సింగ్ హోమ్ ఫైలు తిరగేశాను. ఎక్స్‌రే ఉంది, స్కాన్ ఉంది, రెండుసార్లు చేసిన వైడాల్ ఉంది. ఒళ్ళు పరీక్షించామన్న మాట ఒక్కటి లేదు.

ఇన్ని రోజుల్లో ఈమె ఒళ్ళంతా ఎవరైనా చూశారా అని సాంబశివరావుని అడిగాను. అతని ముఖం ఎర్రబడింది. "ఒళ్ళు చూడ్డమేంటండీ? జ్వరానికీ దానికీ ఏంటి సంబంధం? చెయ్యి చూశారు, గొట్టం పెట్టి చూశారు. మర్యాదస్తులండి వాళ్ళు" అన్నాడు. ఆ గొట్టం పెట్టడం కూడా చీర మీద నుంచేనని తర్వాత తెలిసింది.

ఆ నల్లి కుట్టిన చోట చాలామందికి నొప్పీ దురదా లేని నల్లటి పొక్కు కడుతుంది. అంచు ఎర్రగా, నడుమ బొగ్గులా, సిగరెట్టుతో కాల్చినట్టుంటుంది. ఎస్కార్ అంటాం. ఆ మాటకు మూలం పొయ్యి అని చెబుతారు. అది మాత్రం తగిన పేరే. నల్లి బట్ట బిగుతుగా ఉండే చోటే ఆగి కుడుతుంది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము. మగవాళ్ళలో మొలతాడు కింద వెతకాలి. ఆడవాళ్ళలో ఎక్కడ వెతకాలో మన డాక్టర్లకు తెలుసు, చూడరు.

మగవాళ్ళందరినీ బయటికి పంపి తెర వేయించాను. స్టాఫ్ నర్సు సుజాత సిస్టర్ లంగా బొందు వదులు చేసింది. కుడివైపు, ముడి పడే చోట, చర్మం ఏళ్ళ తరబడి ఒరుసుకుని నల్లబడిన గీత ఉంది. చీర కట్టే ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదే. ఆ నలుపులో కలిసిపోయి రూపాయి బిళ్ళకన్నా చిన్న పొక్కు. పైపైన చూస్తే బొందు ఒరుపు అనుకుని ఎవరైనా వదిలేస్తారు. వేలితో సాగదీసి టార్చి వేస్తే ఎర్రటి అంచు బయటపడింది.

ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా అని చెవి దగ్గర అడిగాను. రాజ్యలక్ష్మి మాస్కు కింద నుంచి మాట కూడదీసుకుంది. "జ్వరానికి ముందు నుంచేనండి. గేదెలకి గట్టు మీద గడ్డి కోసొచ్చాక చూసుకున్నా. బొందు ఒరిసిందనుకున్నానండి."

ఆ డాక్టరు గారితో చెప్పలేదా అన్నాను.

"అడగలేదండి. మగాయనకి నేనెట్టా చెప్పేది?"

బయటికొచ్చి సాంబశివరావుకి చెప్పాను. ఇది టైఫాయిడ్ కాదు, వేరే జ్వరం, విజయవాడ వెళ్ళేలోపే ఈ మందు మొదలవ్వాలి, ముందు ఇక్కడే వేయనివ్వమని. అతను నా చేతిలోని బిళ్ళ వంక, నా వంక చూశాడు. "అంతంత ఇంజెక్షన్లకి లొంగంది ఈ గొట్టం బిళ్ళకి లొంగుతుందా? ఊళ్ళో ఆరెంపీ, ల్యాబు, నర్సింగ్ హోమ్, మూడు చోట్ల టైఫాయిడన్నారు మేడమ్. మీరొక్కళ్ళే కాదంటన్నారు. ఏదన్నా అయితే ఎవరు పూచీ?" అని గొంతు పెంచాడు. డ్రైవరుని కారు తిప్పమన్నాడు.

నాకూ కోపం వచ్చింది. ఆ మూడు చోట్ల ఒక్కరైనా నీ భార్య నడుము చూశారా అని అందరి ముందూ అడిగేశాను. నేనలా అడిగి ఉండకూడదని తర్వాత కొందరు హితవు చెప్పారు. అడగకపోతే ఆమె కారులోనే పోయేది. అందుకని నాకేమీ చింత లేదు.

నా మాట తెర వెనకకూ వినిపించినట్టుంది, సుజాత సిస్టర్ పిలిచింది. రాజ్యలక్ష్మి మాస్కు పక్కకు లాగి భర్తను రమ్మంటోంది. "ఇన్నాళ్ళూ మీరు చెప్పినచోటికల్లా వచ్చాను. ఇయ్యాల ఈవిడ చెప్పినట్టు ఇంటాను. నన్ను తిప్పబాకండి" అని, మందు కోసం నోరు తెరిచింది. అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

స్క్రబ్ టైఫస్‌కి ఒక గుణం ఉంది. సరైన మందు పడితే జ్వరం రెండు రోజుల్లోపే దిగాలి. దిగకపోతే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి, అప్పుడు విజయవాడకు పంపినా ప్రయోజనం ఉండదు. ఆమె కదలనంది కనుక ఆ రెండు రోజులూ మా వార్డులోనే వైద్యం చేశాను. అంబులెన్సును వాకిట్లోనే ఉంచాను. రెండో రోజు మధ్యాహ్నం ఆమెకు చెమటలు పట్టాయి. ఒళ్ళు చల్లబడింది. సాయంత్రానికి ఆయాసం తగ్గి, గేదెలకు గడ్డి ఎవరు వేస్తున్నారని భర్తను నిలదీసింది. మగత వదిలిందనడానికి నాకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. విజయవాడ పంపిన రక్తం ఫలితం ఆమె కోలుకున్నాక గానీ రాలేదు. స్క్రబ్ టైఫస్ అని ఉంది.

నర్సింగ్ హోమ్ డాక్టరుకి ఫోన్ చేశాను. ఒకప్పుడు నా దగ్గరే హౌస్ సర్జన్‌గా పనిచేసిన కుర్రవాడు, తెలివైనవాడు. రక్తఫలితం సంగతి చెబితే, టైఫాయిడో టైఫసో, మొత్తానికి తగ్గింది కదా మేడమ్ అన్నాడు. తగ్గింది కదానా! నువ్వు ఒళ్ళు ఎందుకు చూడలేదని నిలదీశాను. ఆడ పేషెంట్లని అలా చూస్తే ఊరుకుంటారా, మర్యాదగా ఉండదు కదా అన్నాడు. నీ దగ్గర నర్సు లేదా అన్నాను. ఉందన్నాడు. ఆమెతో చూపించవచ్చు కదా అంటే ఆమెకి సెలైన్లు మార్చడానికే టైము చాలదండీ అన్నాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఫోన్ పెట్టేసేదాన్ని. వినయంగా, మేడమ్ మేడమ్ అంటూనే ఒక మనిషిని చావుదాకా తీసుకెళ్ళాడు. అందుకే నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

డిశ్చార్జి రోజున గంపలగూడెం నుంచి ఆమె చుట్టాలు వచ్చారు. టైఫాయిడ్ ముదిరిందట కదా అని ఒకావిడ పలకరించింది. అవునంటూ సాంబశివరావు తల ఊపబోయాడు. రాజ్యలక్ష్మి ఊరుకోలేదు. "టైఫాయిడూ కాదు, పాడూ కాదు. దాని పేరు నాకు నోరు తిరగదు గానీ, గట్టు మీద పురుగు కుట్టిన జ్వరం. మీకెవరికన్నా జరమొస్తే ముందు బొందు ఇప్పి చూసుకోండి" అంది. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఆడవాళ్ళు మాత్రం దించుకోలేదు, ఎక్కడ కుట్టిందో చూపించమన్నారు.

ఆ వారం నుంచి మా వార్డులో ఒక పద్ధతి పెట్టాను. జ్వరంతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ తెర వెనక నర్సు తలనుంచి పాదాల దాకా చూడాలి, చూసినట్టు కేసు షీటులో రాయాలి, ఆ తర్వాతే రక్తానికి సూది గుచ్చాలి. కొందరు గొణిగారు. రిటైరయ్యే దాకా ఆ పద్ధతి మార్చలేదు.

తిరువూరులో నేను నేర్చుకున్నది ఇది. రోగానికి పేరు పెట్టినవాళ్ళు పొరబడి ఉండవచ్చు, ఆ పొరపాటు పుస్తకాల్లో అలాగే నిలిచిపోవచ్చు. రోగి ఒంటి మీద ఉన్నదాన్ని చూడకపోవడానికి అది సాకు కాదు. రాజ్యలక్ష్మిని సగం పురుగు చంపబోయింది. మిగతా సగం మన మర్యాద.