ఏసీ ఆపుకుని పడుకున్న గది

పనివేళలో కునికిపాట్లు పడుతున్న మనిషిని చూసి, రాత్రి నీకు నిద్ర ఎందుకు లేదని అడగకుండా, మీది ఏ ఊరని అడిగిన పాపం మీరెప్పుడైనా చేశారా? తొందరపడి లేదనకండి. నా ఈడువాళ్లలో గుండెమీద చెయ్యి వేసుకుని ఆ మాట అనగలిగేవాళ్లు తక్కువ, నేనైతే అనలేను.

పోయిన వారం ప్రజారోగ్యం చదువుకుంటున్న మా మనవరాలు నా పక్కన కూర్చుని తన పాఠం ఒకటి చదివి వినిపించింది. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న అమెరికావాళ్లందరినీ అక్కడి లెక్కల్లో ఒకే పేరు కింద రాస్తారట. కానీ మెక్సికో మూలాలవాళ్లనూ, క్యూబా మూలాలవాళ్లనూ, ప్యూర్టోరికో వాళ్లనూ విడివిడిగా చూస్తే, ఎంతసేపు పడుకుంటారు, ఎవరికి నిద్ర పట్టదు, ఎవరికి గురకలో ఊపిరి ఆగుతుంది అనే సంగతుల్లో ఒకరికొకరికి పోలిక ఉండదట. తను ఆశ్చర్యపోతూ చదివింది గాని నాకు ఆశ్చర్యం కలగలేదు. తొంభైల నాటి బహ్రెయిన్‌లో రెండు తెలుగు గదులు, ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్నవి, నా కళ్లముందు తలుపులు తీసుకున్నాయి.

నేను కోనసీమ నుంచి వెళ్లినవాణ్ణి. ఊళ్లో లైబ్రరీ మెట్ల మీదా సంస్కరణ సభల్లోనూ ముహూర్తాల మీద, శకునాల మీద గొంతు పగిలేలా వాదించి, వాదాల్లో నెగ్గి, ఉద్యోగాల్లో మాత్రం ఎక్కడా నెగ్గలేక, చివరికి బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో అపార్టుమెంట్లు కట్టే ఒక కంట్రాక్టు కంపెనీలో టైంకీపరుగా చేరాను. పనివాళ్లు ఉండే క్యాంపులో మా గది కోస్తావాళ్లది. ఎదురు గది ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన ఎనిమిదిమంది వడ్రంగులది, కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగించే పని వాళ్లది. వాళ్లు బహ్రెయిన్‌ను కూడా దుబాయి అనేవారు. మొదట్లో నేను సరిదిద్దేవాణ్ణి. ఎదుటివాణ్ణి సరిదిద్దడం అప్పట్లో నాకొక జబ్బు.

మా ఫోర్‌మన్ ఉత్తరాదివాడు, అతనికి మేమంతా ఒకటే ‘తెలుగు’. డ్యూటీలో నిద్రపోతూ దొరికితే హెచ్చరిక కాగితం ఇవ్వాలి, మూడో కాగితం వస్తే ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. ఆ కాగితాలు రాసి సంతకం తీసుకునే పని నాది. అవి ఎక్కువగా ఎదురు గదివాళ్లకే రాయవలసి వచ్చేది. అందులోనూ వాళ్లందరూ కాక అని పిలుచుకునే పెద్దాయనకు. బరువైన మనిషి, మెత్తని మాట, పనిలో చెయ్యి తిరిగినవాడు. మొదటిసారి చెక్కల దొంతి మీద కూర్చుని కునికాడు. రెండోసారి మూడో అంతస్తు అంచున, సుత్తి చేతిలో ఉండగానే తల వాల్చేశాడు, పక్కవాడు నడుం పట్టుకుని లాగకపోతే కిందకు పోయేవాడు. రెండో కాగితం నేనే రాశాను.

మా గదిలో ఉండే మా బాబాయికి ఇదంతా చాలా సులువుగా అర్థమైపోయింది. “ఆళ్ల రక్తంలోనే ఉందిరా అబ్బాయ్ నిద్ర. మనోళ్లని చూడు, అలారం కొట్టకుండానే లేత్తారు” అనేవాడు. మా పిన్ని, అంటే ఆయన భార్యే, దగ్గర్లోని మహూజ్ పేటలో ఒకరింట్లో పనిచేసేది. ఆ ఇంట్లో చివరి చుట్టం వెళ్లేదాకా నడుం వాల్చడానికి వీల్లేదు, అందరికంటే ముందు లేవాలి. నెలకొక శుక్రవారం సెలవిస్తే బంధువుల ఇంటికి వచ్చి, బాబాయి తెచ్చిన పండ్లు కూడా చూడకుండా, చెప్పులు విడిచిన చోటే చాప మీద పడి సాయంత్రందాకా ఒళ్లెరగకుండా పడుకునేది. ఆవిడదీ ఆయనదీ ఒకే ఊరు, మేనరికం కూడాను. మరి రక్తంలో ఉన్న ఆ చలాకీతనం ఆవిడకు ఎందుకు లేకపోయిందని బాబాయిని అడగాలని నాకు తోచలేదు. శకునాల్ని చీల్చి చెండాడిన నాకు ఈ మాట మాత్రం శాస్త్రంలాగే వినిపించింది.

దానికి తోడు నా పాండిత్యం ఒకటి. ఎదురు గదివాళ్లు జూలై ఎండల్లో కూడా ఏసీ ఆపుకుని పడుకునేవారు. ఆ కిటికీ ఏసీలు రైలింజన్లలా మోగేవి నిజమే, కానీ ఆ ఉక్కలో అవి లేకుండా ఎవరు పడుకోగలరు? అడిగితే చల్లగాలి పడదన్నారు. పైగా ఇనప మంచాలను గోడల నుంచి లాగి, తలలన్నీ గది మధ్యకు వచ్చేలా తిప్పుకున్నారు. ఉత్తరం వైపు తల పెట్టకూడదన్న మూఢనమ్మకం ఇదని నేను చూసీ చూడగానే తేల్చేసి, ఒకనాడు టీ తాగే వేళ వాళ్ల గదిలో నిలబడి భూమి గురించీ దిక్కుల గురించీ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఎనిమిదిమందీ వినయంగా విన్నారు. కాక నాకు రెండో గ్లాసు టీ పోయించాడు. కాకకు బామ్మర్ది అయ్యే ఆయన మాత్రం, “సారు చెప్పింది నిజమే, మేం సదువుకోనోళ్లం గద” అన్నాడు. దాన్ని నేను మెప్పుగా తీసుకున్నాను.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం, రెండో కాగితం మీద కాక సంతకం మిగిలిపోయిందని వాళ్ల గదికి వెళ్లాను. కాక భోజనం చేసి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేలమీద నలుగురు పేకాడుతున్నారు, మిగతావాళ్లు గోడకు ఆనుకుని జోగుతున్నారు. కాక కాలి బొటనవేలికి ఒక సన్నని తాడు కట్టి ఉంది, దాని రెండో కొస బామ్మర్ది మణికట్టుకు ఉంది. నేను నవ్వబోయాను. ఈలోగా గది నిండా మోగుతున్న గురక చటుక్కున ఆగింది. ముక్క వెయ్యబోతున్నవాడి చెయ్యి గాలిలోనే ఆగింది. జోగుతున్నవాళ్లు కళ్లు తెరిచారు. కాక ఛాతీ కదలడం లేదు. బామ్మర్ది పెదవులతో ఏదో లెక్కపెట్టుకుని తాడు లాగాడు. కాక ఒళ్లంతా అదిరి, నీళ్లలోంచి పైకి తేలినవాడిలా గాలి పీల్చాడు, గురక మళ్లీ మొదలైంది. ముక్క పడింది, ఆట సాగింది.

నేను ఏమిటిదని అడిగాను. బామ్మర్ది నా చేతిలో కాగితం వంక చూసి, తలుపు దగ్గరికి రమ్మని చెప్పి, గొంతు తగ్గించాడు.

“పోయినేడు ఇదే గదిల మావోడొకడు గిట్లనే గురక వెట్టుకుంట పండిండు సారు. పొద్దుగాల లేపితే లేవలె. పెట్టెల వెట్టి పంపినం. కాకను గట్ల పోనియ్యం.”

అప్పటినుంచి రాత్రంతా వంతులు వేసుకుంటున్నారట. ఏసీ మోతలో ఊపిరి వినబడదని ఆపుకున్నారు. వంతువాడు కునికినా ఇంకొకడి చెవిన పడాలని తలలు మధ్యకు తిప్పుకున్నారు. కాకను నిద్రపోనివ్వకుండా బతికిస్తూ, తామూ నిద్రపోకుండా, పొద్దున్నే ఎనిమిదిమందీ మత్తుకళ్లతో బస్సెక్కుతున్నారు. చెప్పలేదేమని అడిగితే, జబ్బుందని తెలిస్తే కాకను మెడికల్‌లో ఫెయిల్ చేసి పంపేస్తారని, బద్దకస్తుడంటే మూడు కాగితాలదాకా టైముంటుందని అన్నాడు. నా ఉపన్యాసానికి ఎందుకు ఎదురు చెప్పలేదో అప్పుడు తెలిసింది. పరువు పోయినా మనిషి మిగలాలనుకున్నారు వాళ్లు. ఏమీ అడగకుండానే అన్నీ చెప్పేసిన నేను హేతువాదిని! ఒక ఏడాదిపాటు చెవులు రిక్కించి, గమనించి, లెక్కపెట్టి, ఉపాయం కనిపెట్టిన వాళ్లు మూఢులు!

కాక లేచి, నన్ను చూసి, కాలు లుంగీలోకి ముడుచుకున్నాడు. “మూడోది గూడ రాసిండ్రా సారు?” అని నవ్వాడు. రెండోది నా జేబులోకి పోయింది, మళ్లీ బయటకు రాలేదు.

మర్నాడు, కంపెనీ డాక్టరు దగ్గరికి కాదని నచ్చజెప్పి, కాకనూ బామ్మర్దినీ వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. ఒక బహ్రెయినీ డాక్టరమ్మ, హిందీ వచ్చిన నర్సు సాయంతో, అంతా విన్నది. కాకకు తన నిద్ర గురించి ఏం తెలుస్తుంది? బామ్మర్దే కుర్చీలో వెనక్కి వాలి, కాక గురకను, అది ఆగడాన్ని, మళ్లీ గాలి అందడాన్ని ఉన్నదున్నట్టు చేసి చూపించాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని డాక్టరమ్మ నవ్వలేదు, చేతి గడియారం చూస్తూ మళ్లీ చెయ్యమంది. ఇది బద్దకం కాదు జబ్బని, పరీక్షలు కావాలని, ఒళ్లు తగ్గాలని, వెల్లకిలా పడుకోకూడదని చెప్పింది. బనీను వెనక ఒక బంతి కుట్టుకుంటే వెల్లకిలా తిరగలేడంది. నయమయ్యేదాకా ఎత్తుమీద పని వద్దని ఉత్తరం రాసి ఇచ్చింది.

ఆ ఉత్తరం చూసి ఫోర్‌మన్, “అయితే పంపేద్దాం భాయ్, ఇంకొకడు వస్తాడు” అన్నాడు. నా జీవితంలో చేసిన వాదాలన్నిటిలోకీ పనికొచ్చిన వాదం ఆ రోజు చేశాను. ఈ ఒక్కణ్ణి పంపేస్తే ఏడుగురు మనసు విరిగిన వడ్రంగులు మిగులుతారు, ఇతన్ని కింద చెక్కలు కోసే చోట పెట్టి వైద్యం చేయిస్తే కళ్లు తెరుచుకుని పనిచేసే ఎనిమిదిమంది దొరుకుతారు, ఏది కావాలో చెప్పమన్నాను. అతను కాసేపు గడ్డం గోక్కుని, “యల్లా, సరే, కిందే ఉంచు” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ అతనికి నేను రుణపడి ఉన్నాను.

కాక ఒక్క నెలలో బాగైపోయాడని అబద్ధం చెప్పను. పరీక్షలకు తిరిగాడు, బియ్యం తగ్గించి మా అందరినీ తిట్టాడు, బంతి వీపున గుచ్చుకుంటోందని రెండుసార్లు విప్పి పారేశాడు, బామ్మర్ది మళ్లీ కుట్టాడు. మెల్లగా గురక చిన్నదైంది, ఊపిరి ఆగడం అరుదైంది, ఒకనాడు ఆ గదిలో ఏసీ మోగింది. మా బాబాయి అది విని, “రాచ్చసుల్లా నిద్దరోతున్నార్రా!” అన్నాడు, ఈసారి రక్తం ఊసెత్తలేదు. మరి కొన్నేళ్లు పనిచేసి కాక తన కాళ్ల మీద నడిచి విమానం ఎక్కాడు.

ఆ ఎనిమిదిమందికీ, చేతి గడియారం చూసుకున్న ఆ డాక్టరమ్మకూ నేను ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలవు. నా తెలివిని వాళ్లు నాకు తిరిగి నేర్పారు. ఇప్పుడు మనకు ఎవరి గది వారికుంది, తలుపులు వేసి ఉంటున్నాయి, చెవుల్లో ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. గురక పెట్టేవాణ్ణి హాల్లోకి పంపేసి, పొద్దున ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నాం. ఒకరి ఊపిరిని ఇంకొకరు వినే ఇరుకు పోయింది, మంచిదే. కానీ వినే మనిషి కూడా పోయాడు.

కాబట్టి చదివి పక్కన పెట్టకండి. మీ ఇంట్లో గురక పెట్టే మనిషి పక్కన ఈ వారంలోనే ఒక రాత్రి కూర్చోండి. నవ్వకుండా, తట్టి లేపకుండా, గంటసేపు వినండి. మధ్యలో ఊపిరి ఆగిందా, మర్నాడు పొద్దున్నే ఆ మనిషి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరండి.