పెద్దమ్మ పెన్సిలు సున్నాలు

పోయిన నెల ఎల్లారెడ్డిలో మా పెద్దమ్మ చనిపోయింది. ఆ రోజు నేను ఏడవలేదని మా ఇంట్లో ఇప్పటికీ నా మీద కోపం. "రాయి పుట్టింది మన ఇంట్ల" అని చుట్టాలందరూ వినేలాగే అన్నాడు బాపు, మా నాన్న. డిగ్రీలు చదివితే కళ్లల్లో నీళ్లు ఎండిపోతాయని ఒక అత్తమ్మ తేల్చేసింది. గోడకు ఆనుకుని కూర్చుని నేనేం చేస్తున్నానో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. వింటున్నాను. వినమని పెద్దమ్మే చెప్పింది.

పెద్దమ్మ అంటే బాపుకు వదిన. మీలో చాలామందికి ఆమె ముఖం తెలియదు గానీ గొంతు తెలుసు. టీవీ సీరియళ్లలో కోడళ్లను కాల్చుకు తిన్న అత్తల్లో, ఆసుపత్రి వరండాల్లో కూలబడిన తల్లుల్లో కొందరికి ఆమే గొంతిచ్చింది. ఒకసారి పక్కింటావిడ మా ఇంట్లో సీరియల్ చూస్తూ "దీని గొంతు పడిపోను, ఎంత మాటంటదే ఆ పిల్లను!" అని తిట్టింది. పక్కనే మెంతికూర తెంపుతున్న పెద్దమ్మ తల ఎత్తకుండానే "పడిపోతే నేనేం తినాలె చెల్లే?" అంది. ఆవిడకు అర్థం కావడానికి ఒక ప్రకటన అయిపోయేంత సేపు పట్టింది.

ఆమె నాటకాల్లోకి తెర వెనక నుంచి వచ్చింది. కొత్త కోడలిగా ఎల్లారెడ్డిలో అడుగుపెట్టిన రోజుల్లో అక్కడి బృందంలో ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు. తల్లి వేషం వేసే ఆయనకు చీర బాగానే నప్పేది, గొంతే బొంగురు. హార్మోనియం వాయించే మా పెదబాపు, అంటే ఆమె భర్త, ఆమెను తెర వెనక కూర్చోబెట్టి ఆ మాటలు చెప్పించాడు. తెర ముందు ఆ వేషగాడు పెదవులు కదిపేవాడు, వెనక ఈమె మాట్లాడేది. ఒక ఆటలో ఈమె గుండెలు పగిలేలా ఏడుస్తుంటే ఆయన తీరిగ్గా చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. జనం విరగబడి నవ్వారు.

"నా ఏడ్పుకు నవ్వుతరా అని కోపమొచ్చింది బిడ్డా. తెర జరిపి ముందలికొచ్చిన. ఆయన అటు పాయె, నేను ఇటొస్తి."

ఆ తర్వాత ఆమె మళ్లీ తెర వెనక్కి వెళ్లింది ఒక్క డబ్బింగు కోసమే. హైదరాబాదులో పని ఉన్నన్నాళ్లు ఉండి, నాటకం ఉందంటే బస్సెక్కి వచ్చేసేది.

వానాకాలంలో పోచారం ప్రాజెక్టు నిండి అలుగు దుంకుతుంటే నన్ను అక్కడికి తీసుకుపోయేది. నన్ను దూరంగా నిలబెట్టి, ఆ హోరులో డైలాగు చెప్పేది. వినబడితే నేను చెయ్యెత్తాలి. ఒకసారి జాలిపడి, వినబడకపోయినా ఎత్తాను. దగ్గరికొచ్చి "ఏమన్న నేను?" అని అడిగింది.

"నా మీద ప్రేమతోని, పావురంతోని అబద్ధమాడకు. ఎనక బెంచీల కూసున్నోనికి నా మీద పావురముండదు."

ఇక ఆమె చదువంతా చావు ఇళ్లలో. మా వైపు ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. పోయినవాళ్లతో మాట్లాడుతూ, వాళ్లు పెట్టిందీ తిట్టిందీ చెప్పుకుంటూ రాగం తీస్తారు. పెద్దమ్మ తన ఏడుపేదో తాను ఏడ్చి, తర్వాత ఒక పక్కన కూర్చుని వినేది. రాజంపేట, రామారెడ్డి, చుట్టాలున్న ప్రతి ఊరికీ నన్ను వెంటబెట్టుకుని పోయేది. తిరుగు బస్సులో పరీక్ష. "అసలు ఏడ్పు ఎవలిది, చెప్పు." మొదట్లో గట్టిగా రాగం తీసినవాళ్ల పేరే చెప్పేదాన్ని.

"ఏడ్పు అందరికొస్తది. ఆపుకునే కాడ చూడాలె. ఊపిరి యాడ ఆగింది, మల్ల ఎప్పుడిడిసింది, గది పట్టుకో."

ఆమె డైలాగుల కాగితాల్లో ఊపిరి ఆగాల్సిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న సున్నా ఉండేది. ఇంట్లోవాళ్లకు ఇదంతా తెలియదు. "సావు కాడ గూడ సినిమా చూసినట్టు కూసుంటది" అని మా అమ్మ ఆమెను కూడా అనేది. తోడికోడళ్లిద్దరికీ ఏనాడూ పొసగలేదు.

చివరి రోజుల్లో గొంతు సన్నబడిపోయింది. అయినా మంచం మీద నుంచే కొత్త నాటకంలో తల్లి వేషానికి మాటలు వల్లె వేసేది. నేను పక్కన కూర్చుని అందించేదాన్ని. ఒక సాయంత్రం కాగితాలు పక్కన పెట్టి, "నేను పోయిననాడు ఎవలెట్ల ఏడ్సిన్రో మంచిగ విను. నాకైతే వినరాదాయె" అని నవ్వింది. సరే అన్నాను.

మాట ప్రకారం విన్నాను. రాగాలన్నీ విన్నాను. పెద్దమ్మకు కప్పడానికి ఆమె పెట్టెలోంచే మా అమ్మ చీర తీస్తోంది. పెద్దమ్మ ఎప్పుడూ వేదిక మీద కట్టుకునే నేత చీర చేతికొచ్చింది. అమ్మ చేతులు ఆగాయి. ఊపిరి ఆగింది. ఎంతసేపటికో విడిచి, మామూలు గొంతుతో "ఇది పాతది, ఇంకోటి తీస్త" అంది. ఆ ఇంట్లో అసలు ఏడుపు అదే. పట్టుకున్నానన్న సంబరంలో, చెబుదామని పెద్దమ్మ వైపు తిరిగాను.

నాటకం వచ్చే నెల. తల్లి వేషం నన్ను వేయమని బృందం నడిపే సారు అడిగాడు. మా ఇంట్లో మనిషి పోతే ఏడాదిదాకా పండగ లేదు, కొత్త బట్ట లేదు.

"ఏడాది తిరగకముందే మొఖానికి రంగేసుకుంటవా? నలుగురు నా మొఖాన ఉమ్మాల్నా?" అన్నాడు బాపు.

"సచ్చిననాడు కండ్లల్ల నీళ్లు రాలే. ఇప్పుడు స్టేజీ ఎక్కి ఏడుస్తదట" అంది అమ్మ.

పెద్దమ్మ కాగితాలు ఇప్పుడు కామారెడ్డిలో నా గదిలో ఉన్నాయి. చివరి పేజీలో 'తల్లి బోరున ఏడుస్తుంది' అని టైపు చేసి ఉంటే, ఆ మాట కొట్టేసి పెన్సిలుతో పెద్ద సున్నా పెట్టింది. రోజూ పొద్దున అక్కడ ఊపిరి ఆపి చూస్తున్నాను. ఆపినంతసేపూ అమ్మ చేతుల్లో ఆగిపోయిన ఆ నేత చీరే కనిపిస్తోంది.

ఎల్లారెడ్డిలో తల్లి వేషం నేను వేస్తున్నాను.