చంద్రలోకపు బండికి పెట్టిన బొట్టు

కెమెరా అద్దం మీద గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టింది నేనే. ఎవరో పెట్టారని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను గాని, ఆ చేయి నాదే. ఆయుధపూజ రోజు ప్రతి యంత్రానికీ నుదుట బొట్టు పెడతాం కదా, మా బండికి నుదురెక్కడో తెలియలేదు. కడ్డీ మీద ఒక పెట్టె, పెట్టెకు ముందు అద్దం, అంతే. రోజూ దాన్ని నడిపేవాడిని, అద్దమే దాని కన్నని తెలియనివాణ్ణి కాదు. రేపు తుడిచేస్తే పోయిందిలే అనుకున్నాను. దిష్టి తగలకూడదని పెట్టిన బొట్టు తిన్నగా పోయి దృష్టికే తగిలింది.

తిరువళ్ళూరుకు ఇవతల, క్వారీల్లో బండలు పేల్చే మందు చేసే కార్ఖానా మాది. ఊళ్ళో అడిగితే "మందుల కంపెనీ" అనేవాళ్ళం. అబద్ధమూ కాదు, పిల్లనిచ్చేవాళ్ళకు భయమూ ఉండదు. మందు కలిపే షెడ్డులో యంత్రం తిరిగేటప్పుడు మనిషి ఉండకూడదు. అందుకే సరుకు తొట్లు మోసుకుపోయే ఆ నాలుగు చక్రాల బండి. నేను అర ఫర్లాంగు అవతల, మట్టిగట్టు వెనక, కిటికీ లేని గదిలో కూర్చుని తీగ గుండా దాన్ని తోలేవాణ్ణి. రష్యావాళ్ళు చంద్రుడి మీద ఇలాంటిదే నడిపారని మా ఆఫీసరు ఒకసారి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ షెడ్డు మాకు చంద్రలోకం.

పని వినడానికే గొప్ప. పొద్దున రాగానే ఆ రోజు దారి గ్రాఫు కాగితం మీద గీసుకోవాలి. రెండడుగులు ముందుకని మీట నొక్కి కాచుకోవాలి. తెర మీద బొమ్మ సినిమాలాగా కదలదు. ముప్పావు నిమిషానికి ఒకటి, పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతుంది. అది పూర్తిగా దిగాకే బండి ఎక్కడుందో తెలిసేది. మళ్ళీ రెండడుగులు. పొద్దుగూకేసరికి నేను తోలిన దూరం తిరుత్తణి స్టేషను ప్లాట్‌ఫారమంత కూడా ఉండేది కాదు. కలపడం అయిపోయాక బండిని షెడ్డంతా తిప్పి, కాలు పడితే పేలే పొడి నేల మీద ఎక్కడా రాలలేదని చూసి నేను చెబితే, అప్పుడు ఒక మనిషి తడి గోనెపట్టాతో లోపలికి పోయి యంత్రాన్ని తుడిచేవాడు. ఆ మనిషి మా అక్క మొగుడు. అత్తిమంజేరిపేటలో చెరుకు ఎండిపోతే, ఆ పని చూసిపెట్టిందీ నేనే.

పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోకూడదు. మరునాడు తుడుద్దామని పోతే, అప్పటికే బండికి తొట్లెక్కించి, షెడ్డులో పెట్టి తలుపు మూసేశారు. తెర మీద చూస్తే కింది సగం, సరిగ్గా నేల కనబడాల్సిన చోట, ఎండిన గంధం తెల్లటి మచ్చ. ఎటు తిప్పినా వెంటే వస్తుంది. కలపడమైతే గీసుకున్న దారి ప్రకారం ఎలాగో కానిచ్చాను. నేల చూడాల్సినప్పుడు ఆఫీసరుకు ఫోను చేశాను.

"సార్, నిన్నటి బొట్టు అడ్డం ఉండాది. నేల కనబళ్ళేదు. బండిని వెనక్కి రప్పించి తుడిచేస్తాను."

"ఎంతసేపు?"

"గంటన్నర పడతాది సార్."

"గంటన్నరా! లారీ వచ్చి నిలబడుండాది అయ్యా. దేవుడి బొట్టు, ఒణ్ణుం ఆగాదు. ఆయన్ని లోపలికి పంపు."

ఏమీ కాదులెమ్మని అరవంలో ఒక మాట అని ఫోను పెట్టేశాడు. ఇంతలో షెడ్డు తలుపు దగ్గరి ఫోను నుంచి బావ.

"ఏం బామ్మర్దీ, చంద్రలోకంలో అంతా సుకమేనా?"

"నేల సరిగ్గా కనబళ్ళేదు బావా. ఆఫీసరు పొమ్మంటా ఉండాడు."

"నువ్వేమంటావో చెప్పు. ఆయన నాకు బామ్మర్ది కాదు గదా."

వద్దు అనడానికి ఒక్క మాట చాలు. అంత చిన్న మాట నాకు దొరకలేదు.

"చూసుకుని పో బావా," అన్నాను.

పేలిన శబ్దం ముందు వచ్చింది. బొమ్మ తర్వాత, తీరిగ్గా దిగింది. పై సగం షెడ్డు కప్పు. కింది సగం అదే తెల్లటి మచ్చ. ఆ మచ్చ వెనక మా బావ ఉన్నాడు.

ప్రాణం దక్కింది. కళ్ళు రెండూ దక్కలేదు. మద్రాసు ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి అడిగాడు: "బామ్మర్దీ, నీ బండికి కన్ను తుడిచినారా?"

"తుడిచినారు బావా."

"మంచిది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

విచారణ జరిగింది. ఆర్డరు మీద లోపలికి పోయాడని తేలితే అక్కకు కార్ఖానాలో పని ఇవ్వాలి. తనంతట తాను పోయాడంటే ఆ ఇంటికి గేటు మూసినట్టే. ఫోనులో విన్నదంతా చెప్పాను. ఆఫీసరు నా వైపు చూడకుండానే అడిగాడు: "నేను చెప్పినట్టు రాతలో ఉండాదా?" లేదు. అనుమతి లేకుండా ప్రవేశించాడని కాగితం తయారైంది. అక్క ఆ ఏడు నుంచి చెరుకు కొట్టే కూలికి పోయింది. ఇకమీదట తన సంతకంతో రాసిచ్చిన ఆర్డరు లేకుండా బండి ఒక్కడుగు కూడా కదలకూడదని ఆఫీసరు ఒక రూలు రాసి, నా గది గోడకు అంటించి పోయాడు.

కొన్ని నెలలకు మద్రాసు నుంచి పెద్దవాళ్ళు బండిని చూడడానికి వచ్చారు. నా గదిలో కుర్చీలు వేశారు. ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో నా పక్కన నిలబడ్డాడు.

"ఊఁ, నడుపు."

"రాసియ్యండి సార్."

నవ్వాడు. నేను గోడ వైపు చూపించాను. నవ్వు ఆపి, "రెండడుగులు ముందుకు" అని రాసి సంతకం పెట్టాడు. మీట నొక్కాను. ముప్పావు నిమిషానికి బొమ్మ దిగింది.

"ఊఁ, పోనీ."

"రాసియ్యండి సార్."

గదిలో గాలి లేదు. పెద్దవాళ్ళు చేతిగుడ్డలు తీశారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు, ఇంకొకాయన నిద్రపోయాడు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి బండి ఇంకా షెడ్డు తలుపు దాటలేదు. ఆఫీసరు పెన్నులో సిరా అయిపోయింది. విదిలించి చూశాడు, రాలేదు. నా జేబు వైపు చేయి చాచాడు.

"నీ పెన్ను ఇటియ్యి."

"ఆ మాట కూడా రాసియ్యండి సార్," అన్నాను.