పెనానికి వీపు పెట్టిన మునిరామయ్య

మా నాయన మునిరామయ్య బెల్లం పాకం పట్టేవాడు. కాణిపాకం చుట్టుపక్కల గానుగల్లో నలభై ఏళ్లు, ఆయన "దించండి" అంటేనే చెరకు రసం కాగే పెద్ద పెనం పొయ్యి దిగేది. పాకం లేతగా ఉండగా దించితే బెల్లం గట్టిపడదు, ముదిరేదాకా ఉంచితే నల్లబడి చేదెక్కుతుంది. నురుగు రంగు చూడటానికి కళ్లు, నీళ్లలో వేసిన పాకాన్ని ఉండ చేసి చూడటానికి వేళ్లు. ఆయన ఆస్తంతా అదే.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో, ఆయనకు అరవై ఏడేళ్లు నిండాక, ఆ ఆస్తి కరగడం మొదలైంది. వరసగా రెండు పెనాలు లేతపాకంతోనే దించేశాడు. గానుగ యజమాని గోవిందయ్య నాయనకు అల్లుడి వరస. మనసు మంచిదే కానీ నోరే కత్తి. "మామా, రేపట్నుంచి పాకం రాజారత్నం సూసుకుంటాడు. నువ్వు ఆ మూల కుచ్చోని సలి కాసుకో" అన్నాడు. రాజారత్నానికి ముప్పై దాటలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ గానుగలో పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసేదాన్ని నేనే. ఆ మంట కాస్త గోవిందయ్య మీసాలకు అంటించాలనిపించింది.

నాయన్ను చిత్తూరు తీసుకెళ్లి కంటి డాక్టరుకు చూపించాను. శుక్లాలు ముదిరాయి, బెల్లం పని అయ్యాక ఆపరేషన్ చేద్దామన్నాడు. వేళ్లు నొక్కి చూసి, వయసుతో చర్మం మొద్దుబారుతుంది, నరాలు కబురు నెమ్మదిగా మోస్తాయి అన్నాడు. పనిలో పనిగా, రెండేళ్లుగా నేను పిలిస్తే పలకడం లేదని చాడీ చెప్పాను. డాక్టరు నవ్వాడు. "ముసలితనంలో ముందు పోయేవి సన్నటి శబ్దాలమ్మా. మీ గొంతు సన్నం. బొంగురు శబ్దాలు ఆయనకు బాగానే వినబడతాయి."

నాకు సిగ్గేసింది. రెండేళ్లు పొగరనుకుని తిట్టాను కదా ఆ మహానుభావుణ్ణి!

నాయన మాత్రం బస్సులో తొడ చరిచి, "అన్నీ ఒక్కతూరే పోవంట సూడు! మిగిలినదాంతో పని సేసుకుంటా" అన్నాడు.

మర్నాటి నుంచి పెనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుంటే మసక కళ్లు అబద్ధాలు చెబుతాయట. పల్చటి రసం సన్నగా చిటపటలాడుతుంది, అది ఆయనకు వినబడదు. చిక్కబడేకొద్దీ బుడగలు లావై గుబుక్ గుబుక్‌మంటాయి, అది వినబడుతుంది. "సిన్న సప్పుళ్లు అడ్డం రాకుండా పోయినాయి, మంచిదే" అన్నాడు నాతో. చూసినవాళ్లంతా ముసలాయన అలిగాడనుకున్నారు. ఆయన నాలుగు రోజులు కదలకుండా వింటూనే ఉన్నాడు.

ఐదో రోజు లేచి గోవిందయ్య ముందు నిలబడ్డాడు. "ఒక్క పెనం నాకియ్యి. సెడితే మళ్లీ నీ గానుగ గడప తొక్కను."

"మాట మీద ఉంటావా మామా?"

"కాటికి కాళ్లు సాపుకున్నోణ్ణి అనుకున్యావా, మాట మరిసేదానికి?"

రసం కాగింది. వీపు తిప్పి కూర్చున్న నాయన ఉన్నట్టుండి "దించండి!" అని అరిచాడు.

"ఇంకా కాలేదు పెద్దాయనా, నురుగు తెల్లగానే ఉండాది" అన్నాడు రాజారత్నం.

కూలీలు గోవిందయ్య మొహం చూశారు. గోవిందయ్య రాజారత్నం మొహం చూశాడు. నాయన విసురుగా లేచి, తడుముకుంటూ వచ్చి, పెనం మోసే కర్రను ఒక పక్క ఎత్తాడు. ఆయన ఒక్కడే ఎత్తితే పాకం ఒలికి అందరి కాళ్ల మీదా పడుతుంది. దిక్కులేక తలా ఒక చెయ్యి వేసి దించారు.

పాకం ఆరి గట్టిపడింది. గోవిందయ్య అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. మంచి పసుపు రంగు, గట్టి బెల్లం. "ఈ యేడు ఇట్లాంటిది దిగలేదు" అని ఒప్పుకున్నాడు.

నాయన పాకం చప్పుడు విని దించమన్నాడని నేను చెప్పేసరికి రాజారత్నం నోరు తెరిచాడు. "నాకేం వినబడలేదే పెద్దాయనా!"

"నీకు కండ్లుండాయి గదబ్బా. సెవితో నీకేం పని?"

గోవిందయ్యకు మాత్రం మనసు కుదుటపడలేదు. "సరే మామా, రేపు ఆ సెవులు గూడా పోతే?"

నాయన మెడ నిక్కించి గోవిందయ్యవైపు తిరిగాడు. "పోతే ముక్కుండాది. అదీ పోతే, ఇట్లాంటి మాట అడిగినోణ్ణి తన్నేదానికి కాలుండాది. ఇంకో పెనానికి రసం పొయ్యండ్రా!"