చైనాటౌన్‌లో నేనడిగిన ప్రశ్న

హాంబర్గ్‌లో ఒకప్పుడు చైనాటౌన్ ఉండేదని విని, నూడుల్స్ తిందామని ఈ రోజు ముగ్గురం వెళ్లాం. అక్కడ ఒక్క హోటలూ లేదు. ఖాళీ జాగా, దాని ముందు ఒక బోర్డు ఉన్నాయి. మాకంటే జర్మన్ బాగా వచ్చిన మా అమ్మాయి చదివి చెప్పింది.

"డాడీ, నాజీ టైమ్‌లో పోలీసులు ఇక్కడి చైనీస్ పీపుల్‌ని అరెస్ట్ చేసిన్రంట. కొందరు క్యాంప్‌లనే చనిపోయిన్రంట."

"ఎందుకు? వాళ్లకు అన్మెల్డుంగ్ లేకుండెనా?" అన్నాను. అడ్రసు నమోదు చేయించుకోలేదేమోనని నా అనుమానం.

మా ఆవిడ నావైపు అదోలా చూసింది.

"ఉండే ఉంటది. లేకపోతే పోలీసులకు వాళ్ల ఇండ్లు అంత జల్ది ఎట్ల దొరుకుతయ్?"

తిరుగు రైల్లో నా చెయ్యి జేబులో బ్లూ కార్డును, అదే ఇక్కడ ఉండి పనిచేసుకోడానికి ఇచ్చిన పర్మిట్‌ను, తడుముతూనే ఉంది. నిజం చెప్పండి, మీరైతే మొదట ఏమడిగేవారు?